పొగగొట్టంలో మాట

పోయిన గురువారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకి చిమ్నీ బాగుచేసే ఆయన వచ్చి తలుపు కొట్టాడు. తాడేపల్లిగూడెంలో మా ఫ్లాటు వంటింట్లో, గ్యాసు పొయ్యి మీద బిగించిన కరెంటు చిమ్నీ అది. దాని గొట్టం గోడకి కొట్టిన కన్నంలోంచి బయటికి పోతుంది. ఈ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి ఆ కన్నం చుట్టూ నీళ్ళు దిగి, గోడ మీద చారలు కట్టి, చివరికి పొయ్యి గట్టు మీద బొట్లు పడడం మొదలైంది. ఆయన స్టూలెక్కి జాలీ ఊడదీసి, వేలితో రాసి చూసుకుని, "ఇందులో జిడ్డే లేదేంటండీ? వంట చేసుకోరా మీరు?" అన్నాడు. ఒక్కదాన్నే, పెద్దగా ఏమీ చేసుకోనండీ అన్నాను. "అలాగైతే ఇది దేనికండీ? ఊడదీసి కన్నం మూసేస్తే నీళ్ళ గొడవే ఉండదు. సిమెంటు పెట్టేయమంటారా?" అన్నాడు. అడగవలసిన మాటే అడిగాడు. ఆయన స్టూలు మీద నిలబడి నా ముఖం వంక చూస్తూ ఉన్నాడు. చివరికి, మూయొద్దండీ, బాగుచెయ్యండి అన్నాను. "మీ ఇష్టమండీ" అని గొట్టం చివర రేకు మూత కిందికి వంచి, కన్నం చుట్టూ తెల్లటి గమ్ము పూసి, వంగి చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మా రాజ్యం వదిన పోయి అప్పటికి నెల కాలేదు. మా అన్నయ్య భార్య. ఏలూరు ఆసుపత్రిలో, ముక్కుకి గొట్టం పెట్టించుకుని, మాట్లాడడానికి గాలి చాలక, చేతి సైగలతో మమ్మల్నందరినీ ఇళ్ళకి పొమ్మని చెబుతూ పోయింది. ఈ చిమ్నీ కొత్తగా బిగించినప్పుడు ఒకసారి మా ఇంటికి వచ్చి, దాని కింద నిలబడి, మెడ ఎత్తి, "ఏవండీ, పైన ఎవరైనా ఉన్నారా?" అని గట్టిగా అడిగి తనే నవ్వుకుంది. నవ్వితే దగ్గు వచ్చేది కాబట్టి నవ్వును మధ్యలోనే ఆపేసుకునే అలవాటు ఆమెకి. పక్కనున్న మా అన్నయ్యకి ఆ హాస్యం ఏమిటో అర్థం కాలేదు. అది నాకూ ఆమెకీ మాత్రమే తెలుసు. ఇప్పుడు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కనుక రాస్తున్నాను.

మా ఇల్లు గుండుగొలను దాటి కొల్లేటి వైపు దిగితే వచ్చే ఒక చిన్న ఊళ్ళో ఉండేది. మా తాతయ్య పౌరోహిత్యం చేసేవారు. నాన్న ఆ పని వదిలేసి పక్క ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారయ్యారు. పని వదిలినా ఇంటి పద్ధతులు వదలలేదు, అమ్మ వదలనివ్వలేదు. బెంగుళూరు పెంకుల ఇల్లు. ముందు అరుగు, తరవాత సావిడి, ఆ వెనక చీకటి గది ఒకటి, దాని వెనక వంటిల్లు. వంటింటికి పడమటి గోడలో ఒకటే కిటికీ. వానాకాలం గాలి అటువైపు నుంచే కొట్టేది గనక ఆ నాలుగు నెలలూ దాన్ని మూసి ఉంచేవాళ్ళం. ఇక వంటింట్లోంచి బయటికి మిగిలిన దారి పొగగొట్టం ఒక్కటే. పొయ్యిల మీద గోడకి ఆనుకుని, ఇటుకలతో చదరంగా కట్టిన గొట్టం. పెంకుల్ని చీల్చుకుని పైకి లేచి, చివర రెండు పెంకులు ఒకదానికొకటి ఆనించి పెట్టిన గొడుగుతో ముగిసేది. పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని తలెత్తితే, నల్లటి గోడల చివర అరచేయంత వెలుతురు కనిపించేది. మా వదిన దాన్ని "నా ఆకాశం" అనేది. ఇలాంటి మాటలు నేను రాస్తే కొట్టేస్తాను. ఆమె అన్నది కాబట్టి ఉంచుతున్నాను.

పెంకుటింటికి గొట్టం పెట్టడమంటే కప్పుకి కన్నం పెట్టడమే. ఇటుక ఎండకి ఒకలా సాగుతుంది, పెంకు ఒకలా సాగుతుంది. రెంటికీ మధ్య సున్నంతో పూసిన అతుకు ఏడాది తిరిగేసరికి వెంట్రుకంత పగులుతుంది. ఆ పగుల్లోంచి దిగిన నీళ్ళు మామూలు నీళ్ళయితే బాధ లేదు. గొట్టం లోపలి మసిని కరిగించుకుని, చిక్కటి కాఫీ డికాక్షన్‌లా వాసాల మీదుగా జారి, ఎక్కడ పడాలనిపిస్తే అక్కడ పడేవి. ఆ నీళ్ళకొక వాసన ఉండేది. తడిసిన బూడిద, కాలిన నెయ్యి, పాతబడిన చింతపండు కలిసిన వాసన. బట్ట మీద పడితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అందుకని ప్రతి ఏడూ రోహిణి ఎండలు పోకముందే ఏలూరు నుంచి ఖాదర్ మేస్త్రీ వచ్చేవాడు. ముసలివాడు కాదు, కానీ అందరూ పెద్దమనిషిలా చూసేవారు. సున్నంలో బెల్లం నీళ్ళు, సన్నగా తరిగిన జనపనార కలిపి, గొట్టం మొదట్లో చుట్టూ పూసి, పగిలిన పెంకులు మార్చి వెళ్ళేవాడు.

అతను వంటింట్లోకి రాకూడదు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, అతనూ ఎప్పుడూ అడగలేదు. పెరటి గోడకి నిచ్చెన వేసుకుని ఎక్కి, పైన పని పైనే చేసుకుని, పెరట్లోంచే పోయేవాడు. అయితే నీరు ఎక్కడ దిగుతోందో పైనుంచి తెలియదు. పైన ఒకచోట పగిలితే లోపల మూడు వాసాల అవతల కారుతుంది. అందుకని ఒక ఏర్పాటు ఉండేది. అతను గొట్టం మొదట్లో చెంబుతో నీళ్ళు పోస్తాడు. లోపల పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి ఎక్కడ తడి కనిపిస్తోందో చూసి, గొట్టంలోకి తలెత్తి గట్టిగా చెబుతుంది. అతను గొట్టం మూతి దగ్గర చెవి పెట్టి వింటాడు. మామూలు రోజుల్లో మా ఇంటి ఆడవాళ్ళ గొంతు సావిడి దాటకూడదు. ఆ ఒక్కరోజు మాత్రం గట్టిగా అరవాలి, లేకపోతే పైకి వినపడదు. అమ్మ ఆ పని చాలా ఏళ్ళు చేసింది. "ఎడం పక్కన, రెండో వాసం దగ్గర," అని అమ్మ అరుస్తుంటే మా నాన్న అరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. అమ్మా మేస్త్రీ ఒకరి గొంతు ఒకరు బాగా ఎరుగుదురు. ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకున్న గుర్తు మాత్రం నాకు లేదు.

వదిన కాపరానికి వచ్చాక ఆ పని ఆమెకి వచ్చింది, పొయ్యితో పాటే. ఆమెది కామవరపుకోట దగ్గర మెట్ట ఊరు. వాళ్ళ ఇంట్లో వంట, పెరట్లో నాలుగు గుంజల మీద వేసిన తాటాకుల పాక కింద. నాలుగు వైపులా గాలి. "మా ఊళ్ళో పొగ దాని దారిన అది పోతుంది శారదా. మీ ఊళ్ళో పొగకి కూడా గుమ్మం కట్టారు," అని నన్ను ఎగతాళి చేసేది. నాకు పదహారేళ్ళు, ఆమెకి ఇంకో మూడు నాలుగు ఎక్కువ. అన్నయ్య తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు ఆఫీసులో గుమాస్తా. అక్కడే గది తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారకుండా వెళ్ళిపోయేవాడు. అందుకని వారంలో ఎక్కువ రోజులు ఆమెకి మాట్లాడడానికి మిగిలినదాన్ని నేనే. ఇంటర్మీడియట్ పుస్తకం మడిలో వంటింట్లోకి తీసుకెళ్ళకూడదు గనక, గుమ్మానికి ఇవతల కూర్చుని చదువుతుంటే, అవతల ఆమె పప్పు ఎనుపుతూ వింటూ ఉండేది. మధ్యలో, "ఆ రాజుగారు యుద్ధానికి పోయాడు సరే, ఆయనకి అన్నం ఎవరు వండారో రాయలేదా?" అని అడిగేది.

మా నాన్నా ఆమే నేరుగా మాట్లాడుకునేవారు కాదు. మావగారితో కోడలు ఎదురుపడి మాట్లాడడం మా ఇంట్లో లేదు. "అమ్మాయ్, మీ వదినతో చెప్పు, పొద్దున్న కందిపొడి బాగుందని," అని నాన్న నాతో అనేవారు. వదిన తలుపు చాటునే నిలబడి ఉండేది. అంతా వినేది. అయినా నేను రెండడుగులు వేసి వెళ్ళి ఆ మాట ఆమెకి అప్పజెప్పేదాన్ని. ఆమె నవ్వు ఆపుకుంటూ, "మావయ్యగారితో చెప్పు, అందులో కరివేపాకు ఎక్కువైందని నేనే అనుకున్నానని," అనేది. మళ్ళీ నేను ఆ రెండడుగులూ వెనక్కి.

ఆమె దగ్గును మేమెవరం దగ్గు అనుకోలేదు. పొయ్యి ఊదుతూ ఒక్కసారిగా ఊపిరి అందక, గోడ పట్టుకుని, గొంతులో పిల్లికూత లాంటి చప్పుడుతో ఆగిపోయేది. కాస్త తేరుకోగానే, ఎవరూ అడక్కముందే, "పొలమారిందండీ," అనేది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని కదా అనుకుంటాం. అమ్మ పూజ గదిలోంచే, "మీ అమ్మే తలుచుకుంటోంది. మీ మెట్టవాళ్ళకి పనీ పాటా ఉండదేమిటే, పొద్దస్తమానం నిన్నే తలుచుకుంటూ కూర్చుంటారు?" అనేది. వదిన కళ్ళు తుడుచుకుంటూ, "ఒక్కగానొక్క ఆడపిల్లని కదండీ అత్తయ్యగారూ," అనేది. ఇంటిల్లిపాదికీ అదొక వేడుక మాట అయిపోయింది. రోజుకి ఎన్నిసార్లు తలుచుకున్నారని అన్నయ్య కూడా వేళాకోళం చేసేవాడు.

అది పొలమారడం కాదని నాకు తెలిసింది ఆమె వచ్చిన ఏడు కొల్లేరు పొంగినప్పుడు. శ్రావణంలో ఎడతెరిపి లేని వానలు పట్టి, కొల్లేటి నీళ్ళు చేల మీదుగా వెనక్కి తన్నుకొచ్చి, హైవేకి పోయే దారి మునిగిపోయింది. దోనె వేసుకుని గానీ ఎవరూ ఊళ్ళోకి రాలేరు, పోలేరు. అన్నయ్య రాలేదు. అటక మీద దాచిన సరుగుడు కట్టెలు కూడా చెమ్మ పట్టాయి. గొట్టంలోకి జల్లు కొట్టి పొయ్యి ఆరిపోతోందని, అమ్మ మా పాలేరు చేత పైన గొడుగు పెంకుల మీద ఒక బానను బోర్లించి పెట్టించింది. వాన రాలేదు, పొగా పోలేదు. ఇల్లంతా పొగే. మేమంతా అరుగు మీదికి పోయి కూర్చునేవాళ్ళం. వదిన పోలేదు, వండాలి కాబట్టి. ఒక మధ్యాహ్నం నేను లోపలికి వెళ్ళేసరికి ఆమె వంటింట్లో లేదు. నేను దాటి వచ్చిన చీకటి గదిలోనే, ఒక మూల, నేల మీద రెండు చేతులూ ఆనించి ముందుకి వంగి కూర్చుని ఉంది. భుజాలు చెవుల దాకా లేచి దిగుతున్నాయి. నేను అమ్మను పిలవబోతే నా పరికిణీ పట్టుకుని లాగింది. చాలాసేపటికి మాట వచ్చాక, "చిన్నప్పట్నించీ ఉంది. ఆయాసం. పెళ్ళిచూపుల్లో మీవాళ్ళు అడగలేదు, మా నాన్న చెప్పలేదు," అంది. "మరి చెప్పేద్దాం వదినా," అన్నాను. "చెబితే ఏమంటారో నీకు తెలీదు. దాచిపెట్టి అంటగట్టారంటారు. మా నాన్న ఇంక ఈ గుమ్మం తొక్కలేడు. మా చెల్లెలికి సంబంధాలు రావు," అంది. అన్నయ్యకి తెలుసా అని అడిగాను. తెలుసునట. అమ్మకి చెప్పొద్దని అన్నాడట.

ఆ నీళ్ళు తీసి దారి బయటపడేసరికి చాలా రోజులు పట్టింది. బాన దింపించాక ఆమె ఆ అరచేయంత వెలుతురు కింద ముఖం పెట్టి కూర్చోవడం చూశాను. వేసవిలో మేస్త్రీ వచ్చి, ఎప్పటిలాగే అతుకు పూసి వెళ్ళాడు. వదిన మొదటిసారి గొట్టంలోకి అరిచింది. ఆ గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు. "నాలుగో వాసం అండీ మేస్త్రీగారూ, కాదు కాదు, ఐదోది," అని అరుస్తుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. అమ్మ, "గట్టిగా అనమన్నాం గానీ మరీ అంత గట్టిగానా," అంది. వదిన ఆ రోజంతా హుషారుగా ఉంది.

అయినా ఆ ఏడు ఆషాఢంలో, తాతయ్య తద్దినం నాడు, గొట్టం కారింది. తద్దినం వంట అంటే తెల్లవారుజామున తలస్నానం చేసి, తడిబట్టతో మొదలుపెట్టి, భోక్తలు భోజనానికి కూర్చునేదాకా పచ్చి గంగ నోట్లో పోసుకోకుండా చేయాలి. నువ్వుల పచ్చడి, గారెలు, పరమాన్నం అన్నీ అయ్యాయి. భోక్తలిద్దరూ సావిడిలో కూర్చున్నారు. బయట వాన. వదిన పరమాన్నం గిన్నె దింపి మూత తీసిన క్షణంలో, పైనుంచి ఒకే ఒక్క నల్లటి బొట్టు వచ్చి అందులో పడింది. చిన్నదే. ఆమె గరిటెతో తీసి పారేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అమ్మ అక్కడే ఉంది. వంటంతా మైలపడ్డట్టే అంది. మళ్ళీ తలస్నానం, మళ్ళీ మొదట్నించీ వంట. భోక్తలు సాయంత్రానికి గానీ విస్తళ్ళ ముందు కూర్చోలేదు. నాన్న వాళ్ళకి క్షమాపణ చెప్పుకుంటూ అటూ ఇటూ తిరగడం చూశాను. వదిన రెండోసారి పొయ్యి ముట్టించి, దగ్గు తెర వచ్చినప్పుడల్లా తడి కొంగు నోట్లో కుక్కుకుంది. పితృకార్యంలో, పచ్చి గంగ ముట్టని మనిషి పొలమారిందని కూడా అనడానికి లేదు.

ఆ సాయంత్రమే అమ్మ తేల్చేసింది. "ఆ గొట్టం మూయించేయండి. ఎన్నేళ్ళు పూయిస్తారు? పైన నాపరాయి పరిచి సున్నం కొట్టేస్తే పీడ విరగడవుతుంది." నాన్న, "పొగో?" అన్నారు. "కిటికీ లేదూ? మా పుట్టింట్లో గొట్టమే లేదు. మేం చచ్చామా?" అంది అమ్మ. నాన్న కళ్ళజోడు తీసి కండువా అంచుతో తుడుచుకుంటూ, "సరే, కబురు పెడతాను," అన్నారు. తలుపు చాటున వదిన వేళ్ళు కనిపించాయి. ఆ వేళ్ళు తలుపు చెక్కని పట్టుకుని ఉన్నాయి. నేను ఆమె దగ్గరికి పోయాను. "ఏం చేద్దాం వదినా?" అంటే, "ఏముంది? కిటికీ తీస్తే వాన, మూస్తే పొగ. ఇంకో కార్తీకం చూస్తానో లేదో," అంది. మామూలుగానే అంది. అందుకే నాకు భయం వేసింది. నాన్నతో నేను చెప్పేస్తానన్నాను. తన తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

వాన తెరిపి ఇచ్చిన రోజు చూసి ఖాదర్ మేస్త్రీ వచ్చాడు. రాయి ఎత్తి పైన గొట్టం పక్కన పెట్టాడు. సున్నం కలపడానికి దిగుతూ, "ఒక్కసారి పైకొచ్చి చూసుకోండి మాస్టారండీ. మూసేశాక మళ్ళీ నన్ను అనకూడదు," అన్నాడు. నాన్న ఎప్పుడూ కప్పెక్కి ఎరగరు. ఏమనుకున్నారో, పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. "మెల్లగా నాన్నా," అంటే, "నీ గోల ఆపు, పెంకు జారుతుంది," అన్నారు. అమ్మ వీధి వైపు అరుగు మీద కూరలమ్మే ఆమెతో బేరంలో ఉంది. మేస్త్రీ నా పక్కనే గమేళాలో సున్నం కలుపుతున్నాడు. నాన్న పెంకుల మీద నెమ్మదిగా పాకుతున్నట్టు నడిచి, గొట్టం దగ్గర చతికిలబడి, మూతిలోకి తొంగి చూశారు. లోపల వదినకి వినిపించినవి పెంకుల మీద అడుగుల చప్పుళ్ళు. గొట్టం దగ్గర ఆగిన మనిషి. ఆ మనిషి ఇంకెవరైనా అయి ఉంటారని ఆమె ఎందుకనుకుంటుంది?

"మేస్త్రీగారూ." గొట్టంలోంచి ఆమె గొంతు మా పెరట్లోకి స్పష్టంగా వచ్చింది. "మీతో ఒక్క మాటండీ. దయచేసి మూయకండి. ఏదో ఒక వంక చెప్పండి. ఇటుకలు కదిలిపోయాయని చెప్పండి, రాయి ఆగదని చెప్పండి. నాకు ఆయాసం ఉందండీ. చిన్నప్పట్నించీ ఉంది. అత్తగారికీ మావగారికీ తెలీదు. పొలమారిందని చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నాను. పోయిన వానలకే చావు తప్పింది. ఇది మూసేస్తే నేను బతకనండీ."

అరిచి చెబుదామంటే ఏమని చెప్పాలి? పైన నాన్న గొట్టం అంచు మీద చెయ్యి వేసి కదలకుండా కూర్చున్నారు. మేస్త్రీ చేతిలో తాపీ ఆగిపోయింది. అతను నా వంక చూడలేదు, పైకీ చూడలేదు, గమేళాలోకే చూస్తున్నాడు.

"వింటున్నారాండీ?" అంది వదిన.

నాన్న, "ఊఁ," అన్నారు.

"మీకు పుణ్యం ఉంటుందండీ," అంది లోపలినుంచి.

నాన్న ఇంకొంతసేపు అక్కడే ఉన్నారు. తరవాత ఎలా ఎక్కారో అలాగే దిగారు. అరచేతులకి మసి. పంచెకి తుడుచుకున్నారు, అమ్మ చూస్తే అంటుందని కూడా తట్టలేదు. అప్పటికి అమ్మ పెరట్లోకి వచ్చింది. "రాయి ఆగదు. ఇటుకలు కదిలిపోయాయి," అన్నారు నాన్న ఆమెతో. "అదేమిటండీ, మరి మేస్త్రీ ఆగుతుందన్నాడుగా?" అంది అమ్మ. మేస్త్రీ తాపీతో సున్నం కలుపుతూనే, "పైకెక్కి చూశాక తెలిసిందండమ్మగారూ. ఇటుకలు కదిలాయండీ," అన్నాడు. గొట్టం ఇంకో మూరెడు ఎత్తు లేపి, పైన రేకు గొడుగు వేసి, మొదట్లో తారు పోద్దామన్నాడు. అమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది. వాళ్ళిద్దరూ ఆ మాట ముందు అనుకోలేదు. అనుకోవడానికి సమయమే లేదు.

మధ్యాహ్నం వదిన నన్ను చీకటి గదిలోకి లాక్కుపోయి, "మేస్త్రీ మంచివాడే. నేను చెప్పినట్టే చెప్పాడు," అంది. ఆమె ముఖం అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. చెప్పకుండా ఉండలేకపోయాను. "పైన ఉన్నది మేస్త్రీ కాదు వదినా," అన్నాను. ఆమె నేల మీద కూర్చుని, ఒక చేత్తో కాలి మెట్టెను తిప్పుతూ ఉండిపోయింది. తరవాత చాలా రోజులు నాన్న భోజనానికి కూర్చుంటే వడ్డించడానికి రాలేదు, నన్ను పంపేది. పుట్టింటికి పంపించేస్తారని ఎదురు చూసింది. కామవరపుకోటకి కబురేమీ వెళ్ళలేదు. ఆమె దగ్గినప్పుడు అమ్మ యథాప్రకారం, "మీ అమ్మ తలుచుకుంటోంది," అనేది. నాన్న పేపరులోంచి తల ఎత్తేవారు కాదు.

మరుసటి వేసవిలో ఖాదర్ మేస్త్రీ వస్తే, నాన్న అతన్ని కిందే ఉండి సున్నం కలపమని, చెంబుతో నీళ్ళు తీసుకుని తనే నిచ్చెన ఎక్కారు. అమ్మ నోరు నొక్కుకుంది. నేను వంటింటి గుమ్మం దగ్గర ఉన్నాను. గొట్టంలోంచి నాన్న గొంతు వచ్చింది. "అమ్మాయ్, నీళ్ళు పోస్తున్నాను. చూడు." ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. వదిన పీట మీద నుంచి లేచి నిలబడింది, ఎదురుగా ఉన్నట్టే కొంగు సవరించుకుంది. "మూడో వాసం దగ్గర చెమ్మగా ఉందండీ మావయ్యగారూ." ఇంకో చెంబు. "ఇప్పుడో?" "ఇప్పుడు లేదండీ." ఆ తరవాత, "గాలి ఆడుతోందా అమ్మా?" అని వినపడింది. వదిన నా వంక చూసి, మళ్ళీ పైకి చూసి, "ఆడుతోందండీ," అంది.

ఆయన బతికున్నన్నాళ్ళూ ఏడాదికోసారి అలా జరిగింది. కిందికి దిగితే మళ్ళీ మామూలే, కందిపొడి బాగుందని నాతో చెప్పి పంపడమే. నా పెళ్ళయ్యాక ఆ కబుర్లు మోసే మనిషి లేక మానేశారట. నాన్న మంచివారని చెప్పడానికి ఇది రాయలేదు. ఆయన ఆమె గుట్టు కాపాడారు. ఆ గుట్టు కాపాడినన్నాళ్ళూ ఆమెను ఆ పొయ్యి దగ్గరే ఉంచారు. నిజం బయటపెట్టి, ఈ పిల్ల పొగలో ఉండకూడదు అని అమ్మతో ఒక్కమాట అంటే, వియ్యంకుడి పరువు పోయేది, ఆమెకి వైద్యం జరిగేది. ఏది మేలో ఆయన లెక్క వేసుకునే ఉంటారు. లెక్కల మాస్టారు. ఆ లెక్క సరైనదో కాదో నాకు ఇప్పటికీ తేలడం లేదు. వదినని ఒకసారి అడిగాను. "నేను అడిగింది గొట్టం మూయొద్దనే కదా. అది చేశారు," అంది. అంతకన్నా అడగొచ్చని ఆ వయసులో ఆమెకి తోచలేదు. నాకూ తోచలేదు.

గ్యాసు మా ఇంటికి అమ్మ పోయాక గానీ రాలేదు. అప్పటికి వదిన ఇద్దరు పిల్లల్ని పెంచి, ఒక తరం తద్దినాలు వండి ఉంది. తరవాత వాళ్ళు ఏలూరు వచ్చేశారు. ఈ మధ్య ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు ఆమె ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి, మర్యాదగానే, "పొగ తాగే అలవాటుందాండీ?" అని అడిగాడు. అన్నయ్య తల దించుకున్నాడు. వదిన ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని, "తాగానండీ. సరుగుడు కట్టెలది," అంది. డాక్టరు నవ్వాలో వద్దో తెలియక కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇప్పుడు ఊపిరి కొలవడానికి మిషను ఉంది. వేలికి చిన్న బిళ్ళ తగిలిస్తే ఎంత గాలి అందుతోందో ఎర్రటి అంకె చూపిస్తుంది. అన్నయ్య రోజంతా ఆ అంకె వంకే చూస్తూ కూర్చునేవాడు. ఆమెను ఏమీ అడగనక్కర్లేకపోయింది. వంటిళ్ళకి పెద్ద కిటికీలు వచ్చాయి, కోడళ్ళు మావగార్లతో ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నారు, ఆయాసానికి పీల్చే మందు ప్రతి మందుల షాపులోనూ దొరుకుతోంది. ఇవన్నీ మంచివే. వీటిలో ఏ ఒక్కటి అప్పుడుండి ఉన్నా ఆమె ఇంకా ఉండేది. పాతరోజులే బాగుండేవని ఎవరైనా అంటే నేను లేచి వెళ్ళిపోతాను.

వదిన దినం అయిన మర్నాడు అన్నయ్యతో కలిసి ఆ ఊరు వెళ్ళాను. ఇల్లు మాది కాదిప్పుడు. చేపల చెరువుల ఆయన కొనుక్కుని, మేత బస్తాలు వేసుకున్నాడు. సావిడి నిండా ఆ వాసనే. కప్పుకి పెంకులు తీసి రేకులు వేశారు. గొట్టాన్ని రేకుల ఎత్తుకి కొట్టేసి, పైన రేకు ఎక్కడా అతుకు లేకుండా పరిచేశారు. వంటింట్లో నిలబడి తలెత్తితే పైన చీకటి. కాపలా మనిషి, "ఒక్క బొట్టు కారదండీ ఇప్పుడు," అన్నాడు. నిజమే, గోడలు పొడిగా ఉన్నాయి. అన్నయ్య త్వరగా పోదామన్నాడు.

ఆ ఊళ్ళో ఇప్పుడు కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. వానలకి ముందు కప్పెక్కి నీళ్ళు పోసి, లోపలివాళ్ళని చూడమని ఎవరూ అడగడం లేదు.